రెండు డైనమోలు పెడితే చార్జింగ్ రెండింతలు కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎక్కడైనా బండి కాలిపోతే మీ జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వస్తుంది, దాని చివరి లైను మాత్రం ఎప్పుడూ ఒకటే ఉంటుంది: షార్ట్ సర్క్యూట్ వల్లే మంటలు వచ్చినట్టు తెలుస్తోంది. మీరొక్కరే కాదు, అన్ని పేపర్లూ అట్లనే రాస్తాయి. నేను వరంగల్‌లో 23 ఏళ్ళ నుంచి ఆటో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నాను. ఆ లైను చదివినప్పుడల్లా నాకు అనిపించేది, మనిషి పోయాడు, ఊపిరి ఆగడం వల్లే పోయాడు అన్నట్టుంది కదా ఇది అని. షార్ట్ అయింది సరే, ఎందుకయింది? ఫ్యూజ్ ఎందుకు కొట్టలేదు? అసలు ఆ వైరుకు ఫ్యూజ్ ఉందా? ఈ ప్రశ్నలు అడిగితే సగం కేసుల్లో మాలాంటి మెకానిక్ చేతి పనే బయటికొస్తుంది, ఆ మెకానిక్‌లలో నేనూ ఒకడిని కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

విషయం డీజే బండ్లది. డీజే ఉండాలా వద్దా, రాత్రి ఎన్ని గంటలకు బంద్ చేయాలి అన్నది వేరే పంచాయితీ, దాని జోలికి నేను పోను, నాకూ పొద్దున లేచి షాపు తీయాల్సి ఉంటుంది కాబట్టి ఆ సౌండ్ అంటే పెద్ద ఇష్టమేమీ లేదు. కానీ పెళ్ళిళ్ళ సీజన్‌లోనూ వినాయక నిమజ్జనానికీ హన్మకొండ, కాజీపేట, నర్సంపేట, పరకాల, ఎటు చూసినా పికప్ బండ్ల మీద బాక్సులు కట్టి తిప్పుతున్నారు, వాటి బానెట్ లేపి చూసే పని మాది. ఈమధ్య ఆ బండ్లలో ఒక కొత్త పిచ్చి మొదలైంది. కంపెనీ ఇచ్చిన ఆల్టర్నేటర్, అంటే ఇంజను తిప్పితే కరెంటు పుట్టించి బ్యాటరీ నింపేది, చాలట్లేదని పక్కన ఇంకొకటి, స్క్రాప్‌లో దొరికిన ఏదో పెద్ద కారుది తెచ్చి బిగించడం. ఆల్టర్నేటర్ అనాలి గానీ మా దగ్గర అందరూ డైనమో అనే అంటారు, అసలు డైనమోలు బండ్లలోంచి ఎప్పుడో పోయినా ఆ మాట మాత్రం పోలేదు, నేనూ అలవాటు కొద్దీ అట్లనే రాస్తాను.

మూడేళ్ళ కింద మాఘమాసంలో ఒక తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. కొత్తగా కొన్న పికప్, కిస్తీలు నడుస్తున్నాయి. కంపెనీ డైనమో 75 ఆంపులది. తన చేతిలో ఇంకొకటి, 120 ఆంపులది, స్క్రాప్‌లో కొన్నానన్నాడు. "అన్నా, 75, 120 కలిపితే 195. ఇగ నాకు జనరేటర్ కిరాయి తప్పుతది" అన్నాడు. లెక్క వినడానికి బాగానే ఉంది. నేను ప్లేటు కోసి వెల్డింగ్ చేయించి బ్రాకెట్ తయారు చేశాను, పొడుగు బెల్టు ఎక్కించాను, రెండింటి చార్జింగ్ వైర్లు తీసుకుపోయి ఒకే బ్యాటరీ ప్లస్‌కు కట్టాను. వెనక సౌండ్ కోసం 150 ఏహెచ్ (ఆంపులను గంటలతో గుణించిన లెక్క, బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పేది) బ్యాటరీలు రెండు, అవీ అదే లైనుకు. స్టార్ట్ చేసి మీటర్ పెడితే 14.5 వోల్టులు. ఇద్దరం సంతోషపడ్డాం. పైసలు తీసుకున్నాను.

పది రోజులకు ఫోన్. డ్యాష్‌బోర్డ్ మీద బ్యాటరీ బొమ్మ లైట్ వెలుగుతోందట. అది కంపెనీ డైనమోకు కట్టిన లైటు. అప్పటికే ఇంకో చోట చూపించాడు, వాళ్ళు లోపల రాసుకునే కార్బన్లు మార్చారు, వోల్టేజ్‌ను అదుపు చేసే కటౌట్ మార్చారు, లైట్ పోలేదు. "చిన్నది సచ్చిపోయినట్టుందన్నా, కొత్తది ఏద్దామా" అని అడిగాడు. నేనూ అదే అనుకునేవాణ్ణి, కానీ ఆ తమ్ముడు మాటల్లో మాటగా ఇంకొకటి చెప్పాడు. బాక్సులు బంద్ ఉన్నప్పుడు లైట్ వెలుగుతోంది, పాటలు ఫుల్‌గా పెడితే ఆరిపోతోంది. ఇది ఉల్టా కదా. డైనమో నిజంగానే పాడైతే లోడు పడ్డప్పుడు లైట్ వెలగాలి గానీ ఆరడమేంది?

తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మామూలు టంగ్ టెస్టర్ ఇంటి కరెంటుకే పనిచేస్తుంది, బ్యాటరీ కరెంటు చూపించదు. డీసీ కొలిచే క్లాంప్ మీటర్ కావాలి, అది నా దగ్గర లేకపోతే తెలిసినవాళ్ళ దగ్గర తెచ్చుకున్నాను. బాక్సులు బంద్ పెట్టి, ఇంజను కొంచెం రేస్‌లో ఉంచి, పెద్దదాని వైరుకు పట్టించాను: 38 ఆంపులు. చిన్నదానికి: సున్నా. మీటర్ పాడైందేమో అని మళ్ళీ పట్టించాను, సున్నానే. వోల్టేజ్ 14.5. లైట్ వెలుగుతోంది. అప్పుడు హెడ్‌లైట్లు వేసి, ఇన్వర్టర్ ఆన్ చేసి, పాట పెంచమన్నాను. పెద్దది 60, 80, 95 అని ఎక్కుతూ పోయింది, ఇంక పైకి ఎక్కలేదు. వోల్టేజ్ మెల్లగా దిగుతూ వచ్చింది, 14.4, 14.3, 14.2. 14.1 దగ్గరికి రాగానే చిన్నదాని వైరులో 4 ఆంపులు, 9 ఆంపులు, 12 ఆంపులు. డ్యాష్‌బోర్డ్ మీద లైట్ ఆరింది. పాట తగ్గించమన్నాను, మళ్ళీ 14.5 అయింది, చిన్నది మళ్ళీ సున్నా, లైట్ మళ్ళీ వెలిగింది.

చిన్నది చావలేదు ఎడిటర్ గారూ. దానికి పని లేక కూచుంది.

ఎందుకో చెప్తాను, ఇది మన రైతులకు బాగా తెలిసిన సంగతే. బావి దగ్గర రెండు మోటార్లు పెట్టి, రెండింటి నీళ్ళూ ఒకే పైపులోకి కలిపారనుకోండి. రెండింటికీ వాల్వులు ఉంటాయి, నీళ్ళు వెనక్కి రాకుండా. ఒక మోటారు ప్రెషర్ ఎక్కువ, ఇంకోదానిది కొంచెం తక్కువ. పైపు చివర గేటు సగం మూసి ఉంటే ఎక్కువ ప్రెషర్ మోటారే పైపంతా నింపేస్తుంది, ఆ ప్రెషర్‌కు రెండోదాని వాల్వు మూసుకుపోతుంది, అది తిరుగుతూనే ఉంటుంది కానీ ఒక్క చుక్క నీళ్ళు పోయదు. గేటు పూర్తిగా తెరిస్తే, మొదటిది తన శక్తి కొద్దీ పోసినా పైపు నిండదు, ప్రెషర్ దిగుతుంది, అప్పుడు రెండోదాని వాల్వు తెరుచుకుంటుంది. ఇక్కడ ప్రెషర్ అంటే వోల్టేజ్, వాల్వు అంటే డైనమోలో ఉండే డయోడ్లు, గేటు అంటే మనం వేసే లోడు. బండిలో ఇంకో తేడా ఏమిటంటే, డైనమోలో కటౌట్ ఉంటుంది, అంటే వోల్టేజ్ రెగ్యులేటర్, అది లైనులో వోల్టేజ్ ఎంతుందో చూస్తూ లోపల అయస్కాంతంలా పనిచేసే ఫీల్డ్ కాయిల్‌కు కరెంటు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఈ తమ్ముడి బండిలో చిన్నదాని కటౌట్ 14.1కి సెట్ అయి ఉంది, పెద్దదానిది 14.6. లైనులో ఎప్పుడూ 14.5 కనిపిస్తుంటే చిన్నదాని కటౌట్ ఏమనుకుంటుంది? బ్యాటరీ నిండింది, ఇంక నాతో పని లేదు అనుకుంటుంది, ఫీల్డ్ కట్ చేస్తుంది. ఫీల్డ్ కట్ అయ్యాక డైనమో తిరిగినా కరెంటు పుట్టదు, లైట్ దాన్నే చూపిస్తోంది.

అంటే 75, 120 అన్న ఆంపుల తేడాతో అసలు గొడవే లేదు. చాలామంది పెద్దదీ చిన్నదీ కలిపితే పెద్దది చిన్నదాన్ని కాల్చేస్తుంది అనుకుంటారు, అదీ తప్పే, డయోడ్లు బాగున్నంత వరకు ఒకదాని కరెంటు ఇంకోదాంట్లోకి పోదు. ఇంకొందరు, కొంచెం చదువుకున్నవాళ్ళు, రామగుండం కరెంటు ప్లాంటులో జనరేటర్లు కలిపినట్టు సింక్రనైజ్ చేయాలి అంటారు. అక్కడ బయటికి వచ్చేది ఏసీ కాబట్టి ఫ్రీక్వెన్సీ, ఫేజ్ అన్నీ కలవాలి. బండి డైనమోలో లోపల పుట్టేది ఏసీయే అయినా డయోడ్ ప్లేటు దాటి బయటికి వచ్చేసరికి డీసీ అయిపోతుంది, రెండూ వేర్వేరు స్పీడ్‌లో తిరిగినా ఏం కాదు.

రామగుండం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. అక్కడ పాత ప్లాంటులో 200 మెగావాట్ల యూనిట్లు మూడు, 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, అన్నీ ఒకే లైను మీద పెట్టారు. సైజులు వేరు వేరు, అయినా లోడు పంచుకుంటాయి. ఎట్లా అంటే, లోడు పెరిగి స్పీడ్ కొంచెం పడిపోయినప్పుడు ఏ యూనిట్ ఎంత ఎక్కువ ఇవ్వాలి అన్నది వాటి గవర్నర్లలో ముందే సెట్ చేసి ఉంటుంది, డ్రూప్ అంటారు, దాంతో ఎవరి సైజు కొద్దీ వాళ్ళు మోస్తారు. బండి కటౌట్‌లో ఆ ఏర్పాటు దాదాపు ఉండదు. ఒకే గీత పట్టుకుని కూచుంటుంది. 14.6 అంటే 14.6. అందుకే రెండింటికీ అర వోల్టు తేడా ఉంటే పంచుకోవడం ఉండదు, ఒకటి పూర్తిగా అలిసిపోయాకే రెండోది లేస్తుంది. కటౌట్ వేడెక్కితే దాని సెట్టింగ్ కొంచెం దిగుతుంది, తీగ పొడుగైతే దాంట్లో కొంత వోల్టేజ్ పోతుంది, ఈ రెండింటి వల్ల అప్పుడప్పుడు గుడ్డిలో మెల్లలా కొంత పంపకం జరుగుతుంది. దాన్ని నమ్ముకుని బండి కట్టలేం.

ఇదంతా అర్థమైన రోజే నేను సరిచేయాల్సింది. చేయలేదు. తమ్ముడికి వారంలో మూడు లగ్గాలు ఉన్నాయి, అడ్వాన్సులు తీసుకున్నాడు. "సీజన్ అయినంక చేద్దామన్నా, ఇప్పుడైతే నడుస్తుంది కదా" అన్నాడు. నేనూ "నడుస్తది పో" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

బరాత్ అంటే ఎట్లుంటుందో మీకు తెలుసు. బండి అడుగు కదిలితే ఐదు నిమిషాలు ఆగుతుంది. ఇంజను స్లోలో కొట్టుకుంటూ ఉంటుంది. ఇప్పుడు ఆ 120 ఆంపుల లెక్క ఏమైంది చూడండి. డైనమో మీద రాసే ఆంపులు దాని షాఫ్ట్ నిమిషానికి 6000 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగినప్పటి లెక్క. ఇంజను స్లోలో 750 తిరిగితే, పుల్లీ రెండున్నర రెట్లు తిప్పిందనుకున్నా డైనమో 1900 దగ్గర ఉంటుంది. ఆ స్పీడ్‌లో సగం వస్తే గొప్ప. పెద్దది ఒక 50, చిన్నది ఒక 30, రెండూ మనసు పెట్టి పనిచేసినా 80. లోడు చూద్దామా? ఇన్వర్టర్ మీద సగటున 1000 వాట్లు లాగుతుందనుకుంటే, 12తో భాగిస్తే 83, ఇన్వర్టర్‌లో పోయేది కలిపితే 100 ఆంపులకు దగ్గర. దాని మీద హెడ్‌లైట్లు, రంగు లైట్లు, ఇంజనుకు కావలసింది, ఇంకో 20. మొత్తం 120 కావాలి, వచ్చేది 80, తక్కువైన 40 ఆంపులు బ్యాటరీలే ఇవ్వాలి. నాలుగు గంటల బరాత్‌కు 160 ఏహెచ్. తమ్ముడి దగ్గర ఉన్నది మొత్తం 300 ఏహెచ్, అందులో సగం పోయింది. ఇదంతా ఏదీ పాడుకాకుండా అన్నీ సక్కగా ఉన్నప్పటి లెక్క, 195 అన్న మాటకు దీనికి ఎక్కడా పొంతన లేదు.

పైగా ఆ 50 ఇవ్వడానికి పెద్దది తన చివరి శక్తి వరకు పనిచేస్తూనే ఉండాలి, ఒక్క క్షణం కూడా విశ్రాంతి ఉండదు, ఎందుకంటే 14.6 చేరితేనే దాని కటౌట్ ఫీల్డ్ తగ్గిస్తుంది, ఆ 14.6 ఎప్పటికీ రాదు. స్లోలో తిరుగుతుంటే దాని ఫ్యాను కూడా స్లోనే, బండి కదలదు కాబట్టి గాలి లేదు, పక్కనే ఇంజను వేడి. ఆ రాత్రి పదకొండు దాటాక కాలిన వార్నిష్ వాసన వచ్చిందట, డ్రైవర్ అది ఎవరో పటాకులు కాల్చిన వాసన అనుకున్నాడట. కాసేపటికి బానెట్ సందుల్లోంచి పొగ. అదృష్టం బాగుండి డ్రైవర్ దగ్గర 10 నంబర్ పానా ఉంది, ఇంజను బంద్ చేసి బ్యాటరీ టెర్మినల్ లాగేశాడు. మంట రాలేదు, ఎవరికీ ఏం కాలేదు. కానీ పాట ఆగింది, పెళ్ళికొడుకు దోస్తులు లొల్లి పెట్టారు, తమ్ముడికి కిరాయి పోగా అడ్వాన్స్ కూడా వాపస్ ఇవ్వాల్సి వచ్చింది.

మరునాడు ఆ డైనమో విప్పి చూశాను. స్టేటర్ (కరెంటు పుట్టే, తిరగని చుట్ట) తీగ మీద వార్నిష్ నల్లగా బొగ్గయింది. డయోడ్ ప్లేటు మీద ఒకే ఫేజ్‌కు చెందిన పైన డయోడు, కింద డయోడు రెండూ షార్ట్. అంటే ఏమైందంటే, బ్యాటరీ ప్లస్ నుంచి చార్జింగ్ వైరులో వెనక్కి వచ్చి, ఆ రెండు డయోడ్ల మీదుగా నేరుగా ఎర్త్‌లోకి దిగిపోయింది కరెంటు. వాల్వు విరిగిన మోటారు కథే. 300 ఏహెచ్ బ్యాటరీలు అట్లా దిగితే ఆ వైరు ఏమవుతుందో చెప్పక్కర్లేదు, పైన తొక్కు మొత్తం కరిగి బానెట్ లోపల అంటుకుపోయి ఉంది. ఆ వైరుకు నేను ఫ్యూజ్ పెట్టలేదు. డైనమో నుంచి బ్యాటరీకి పోయే వైరుకు ఫ్యూజ్ ఎందుకు, కరెంటు అటు నుంచి ఇటే కదా వచ్చేది అని 20 ఏళ్ళు అనుకున్నాను. బ్యాటరీ పక్కనే 150 ఆంపుల ఫ్యూజ్ ఒకటి ఉంటే అది కొట్టేసి ఊరుకునేది. మంట వచ్చి ఉంటే మీరు మర్నాడు రాసేది షార్ట్ సర్క్యూట్ అనే కదా. అబద్ధం కాదు. నా పేరు మాత్రం అందులో ఉండేది కాదు.

లేబర్ పైసలు వాపస్ ఇచ్చాను. డైనమో ఖరీదు ఇవ్వలేకపోయాను.

ఇప్పుడు ఎవరైనా రెండో డైనమో పట్టుకొస్తే నేను ముందు అడిగేది అసలు ఎందుకు అని. 1000 వాట్ల సౌండ్‌కు, బండి నిలబడి ఉండే పనికి, చిన్న పెట్రోల్ జనరేటర్ ఒకటి వెనకాల పెట్టుకోవడం ఎంతో నయం. డైనమో నుంచి కరెంటు ఊరికే రాదు. 14 వోల్టుల మీద 120 ఆంపులు అంటే 1680 వాట్లు, డైనమో సామర్థ్యం సగం కంటే కొంచెం ఎక్కువ అనుకుంటే ఇంజను నుంచి 3000 వాట్లు లాగుతుంది, 4 హెచ్‌పీ. బావి దగ్గరి మోటారంత బరువు ఒక్క బెల్టు మీద వేసినట్టు. బెల్టు కీచుమంటోందని సబ్బు రుద్దేవాళ్ళను చూశాను.

లేదు, రెండు డైనమోలే కావాలి అంటే, వాటిని కలపకపోవడమే మంచిదని నా అభిప్రాయం. కంపెనీ డైనమో బండి బ్యాటరీకి, రెండోది సౌండ్ బ్యాటరీలకు, ప్లస్‌లు రెండూ వేరు, ఎర్త్ మాత్రమే ఒకటి. ఎప్పుడైనా సౌండ్ బ్యాటరీ దిగిపోతే కలుపుకోవడానికి మధ్యలో ఒక గట్టి రిలే (చిన్న స్విచ్‌తో పెద్ద కరెంటును కలిపేది), దానికో స్విచ్. ఇట్లా కడితే ఒకదాని సెట్టింగ్ 14.1, ఇంకోదాని సెట్టింగ్ 14.6 ఉన్నా ఎవరి ఇంట్లో వాళ్ళు సంసారం చేసుకుంటారు, సౌండ్ బ్యాటరీ పూర్తిగా పడిపోయినా పొద్దున బండి స్టార్ట్ అవుతుంది. ఈ తమ్ముడి తర్వాత నేను ఎనిమిది బండ్లు ఇట్లనే కట్టాను.

కలిపే కట్టాలి అని పట్టుబడితే, దానికీ పద్ధతి ఉంది. రెండూ ఒకే రకం డైనమోలు, ఒకే రకం కటౌట్లు ఉండాలి, వోల్టేజ్ చూసే సెన్స్ వైర్లు రెండూ ఒకే చోట, బ్యాటరీ ప్లస్ బోల్టు మీదే కట్టాలి, తీగలు రెండూ ఒకే మందం, ఒకే పొడవు. లేదంటే లోపలి కటౌట్లు తీసేసి, బయట ఒక్క కటౌట్ పెట్టి దాంతోనే రెండు ఫీల్డ్ కాయిల్స్ నడిపించాలి. ఇద్దరికీ ఒకే మేస్త్రీ అన్నమాట. ఆ రెండు ఫీల్డ్‌ల కరెంటూ మోయగల కటౌట్ కావాలి, రెండు డైనమోల ఫీల్డ్ కనెక్షన్ ఒకే పద్ధతిలో ఉండాలి, ఒకదానికి ప్లస్ వైపు, ఇంకోదానికి ఎర్త్ వైపు కంట్రోల్ ఉంటే అది కుదరదు. ఏసీ బస్సుల్లో కంపెనీ వాళ్ళే రెండు డైనమోలు పెట్టినవి ఉన్నాయి, వాళ్ళు ఇవన్నీ ముందే చూసుకుని పెడతారు. స్క్రాప్‌లో దొరికిందాన్ని తెచ్చి బిగించినంత మాత్రాన మన బండి కంపెనీ కట్టిన బండి అయిపోదు.

షార్ట్‌కట్‌లు మాత్రం వద్దు. నర్సంపేట వైపు నుంచి ఒక బండి వచ్చింది, అందులో ఎవరో చిన్నదాని సెన్స్ వైరులో ఒక డయోడు వేశారు. అట్లా వేస్తే కటౌట్ మోసపోయి ముప్పావు వోల్టు దాకా ఎక్కువ ఇస్తుంది. 14.1 కాస్తా 14.7 అయింది, పెద్దది 14.6. ఇప్పుడు చిన్నదే మొత్తం మోస్తోంది, పెద్దది కూచుంది. పక్కనున్న పాత బ్యాటరీ మూత తీస్తే నీళ్ళు బుడబుడ ఉడుకుతున్నాయి, కుళ్ళిన గుడ్డు వాసన. చేసినవాడికి లాజిక్ తెలుసు, మీటర్ పెట్టే ఓపిక లేదు.

ఇంకో అలవాటు గురించి కూడా చెప్పకుండా ఉండలేను. డైనమో చార్జింగ్ చేస్తోందా లేదా అని చూడటానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూడటం. బండి ఆగకపోతే డైనమో మంచిదట. నేను కూడా నా గురువు దగ్గర అట్లనే నేర్చుకున్నాను. పాత డైనమోల కాలంలో, ఎలక్ట్రానిక్స్ లేని బండ్లలో నడిచింది. ఇప్పటి డైనమో లోడు మీద ఉండగా బ్యాటరీ ఊడబీకితే ఫీల్డ్ అంత తొందరగా దిగదు, ఆ కాసేపు 12 వోల్టుల బండిలో వోల్టేజ్ 80 దాకా కూడా ఎగరగలదు. డయోడ్లు పోతాయి, ఇంజను కంప్యూటర్ పోతుంది, దాని ఖరీదు ముందు డైనమో ఖరీదు ఏపాటిది. ఈమధ్య సౌండ్ బండ్లలో లిథియం బ్యాటరీలు వస్తున్నాయి, వాటి లోపలి బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్, తనకు ఇబ్బంది అనిపిస్తే ఒక్కసారిగా బ్యాటరీని లైనులోంచి తీసేస్తుంది, అప్పుడూ ఇదే జరుగుతుంది, టెర్మినల్ పీకింది మెకానిక్ కాదు బ్యాటరీయే, అంతే తేడా. వంద, రెండొందల రూపాయల మల్టీమీటర్ చాలు. ఇంజను బంద్‌లో 12.4 నుంచి 12.7, స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.6 మధ్య ఉంటే బాగున్నట్టు, 15 దాటితే కటౌట్ పోయినట్టు.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే లారీల సంగతి వేరే ఉంది. అవి 24 వోల్టులు, రెండు బ్యాటరీలు వరుసలో ఉంటాయి, టేపు కోసం ఒక్క బ్యాటరీ మీద నుంచి 12 లాక్కుంటారు, ఏడాది తిరక్కుండా ఒక బ్యాటరీ నీళ్ళు మరిగి, ఇంకోటి చార్జింగ్ చాలక చచ్చి వస్తుంది. 24 నుంచి 12కి మార్చే చిన్న కన్వర్టర్ డబ్బా పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పినా వినరు. అది ఇంకో ఉత్తరం.

మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి మార్చొద్దంటుంది. ఆ సెక్షన్ అనగానే అందరికీ బాడీ, రంగు, సైలెన్సర్ గుర్తుకొస్తాయి. ఫిట్‌నెస్‌కు పోయిన బండికి హారన్, బ్రేకు, లైట్లు చూస్తారు, బానెట్ కింద నా లాంటోడు లాగిన వైరు ఎవరూ చూడరు. చూడమని అడిగితే నా పొట్ట మీదే కొట్టుకున్నట్టవుతుందని మా షాపు పక్కాయన అన్నాడు. ఏమో, రోజుకు రెండు బండ్లు తక్కువ వచ్చినా పర్వాలేదు గానీ, బ్యాటరీ ప్లస్ నుంచి పోయే ప్రతి లావు తీగకు పక్కనే ఫ్యూజ్ ఉందా లేదా అని ఒక్కటి చూస్తే చాలు, అర నిమిషం పని.

మిమ్మల్ని అడిగేది చిన్నదే. తర్వాత బండి కాలిన వార్త వచ్చినప్పుడు మీ విలేకరిని ఆ బండి ఓనర్‌ను రెండు మాటలు అడగమనండి: కంపెనీ వైరింగ్ మీద ఏం కొత్తగా కట్టించావు, దానికి ఫ్యూజ్ ఎక్కడ పెట్టారు. జవాబు అచ్చు వేయండి. వారానికోసారి వ్యవసాయం పేజీ వేస్తున్నారు, డ్రైవర్ల కోసం కూడా ఒక అర పేజీ వేస్తే రాసేవాళ్ళు ఐటీఐల్లోనే బోలెడంతమంది ఉన్నారు, నేను కూడా నాకొచ్చింది రాస్తాను.

ఆ తమ్ముడు ఇప్పుడు జనరేటర్ పెట్టుకున్నాడు, కంపెనీ డైనమో ఒక్కటే ఉంది, దాని లైట్ మళ్ళీ వెలగలేదు. ఈ ఉత్తరం వేస్తే నా పేరు వేయకండి. తమ్ముడు ఏమీ అనుకోడు, ఆ పెళ్ళికొడుకు దోస్తులు మాత్రం మా వాడకట్టు వాళ్ళే.

ఇట్లు
ఒక ఆటో ఎలక్ట్రీషియన్, వరంగల్